తలకిందుల సలహాలు: అప్రెంటిస్‌గా మొదలై ఇంజనీరు కాదలచినవారికి

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మన ఊళ్ళలో సలహాలకు కొదవుండదు. మార్కులు బాగా వస్తే ఎంపీసీ, ఇంకా బాగా వస్తే కార్పొరేట్ హాస్టల్, ఒక మాదిరిగా వస్తే పాలిటెక్నిక్, అత్తెసరుగా వస్తే ఐటిఐ. ఈ వరుసను ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు కానీ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అందరికీ కంఠతా వచ్చు. ఈ వరుస తప్పని నా గట్టి నమ్మకం. చేతిపని నేర్చుకుని, ఫ్యాక్టరీలో ఏడాదిపాటు అప్రెంటిస్‌గా ఉండి, ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీలో అడుగుపెట్టే దారి మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అది ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళలోనూ ఓడిపోయినవాళ్ళు పోయే దారి అనుకునేవాళ్ళే ఎక్కువ. కింద నేను చెప్పేవాటిని మీ మేనమామ ఒప్పుకోడు, పక్కింటి బ్యాంకు ఉద్యోగి ఒప్పుకోడు, కొన్నింటిని మీ లెక్చరర్లు కూడా ఒప్పుకోరు. నేను మాత్రం ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను.

ముందు దారి సంగతి. పది తర్వాత రెండు చోట్ల నుంచి బయల్దేరవచ్చు. ఒకటి, పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా. రెండోది, ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడులో రెండేళ్ళ ఐటిఐ, ఆ పైన అప్రెంటిస్‌షిప్. ఐటిఐ చేసినవాళ్ళు పరీక్ష రాసి డిప్లొమా రెండో సంవత్సరంలోకి నేరుగా రావచ్చు. తెలంగాణలో ఆ పరీక్షను ఎల్‌పిసెట్ అంటారు, ఆంధ్రలో ముందు బ్రిడ్జి కోర్సు చదివిస్తారు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బి.టెక్. రెండో సంవత్సరంలో సీటు. డిప్లొమా వాళ్ళకు కూడా ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంది. వాళ్ళు నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, దక్షిణాది రాష్ట్రాలకు దాన్ని నడిపే బోర్డు చెన్నైలో ఉంది. ఐటిఐ వాళ్ళకు వేరే పోర్టల్, దాని పేరు అప్రెంటిస్‌షిప్ ఇండియా. ఇంతే దారి. ఇక సలహాలు.

మంచి మార్కులొచ్చిన పిల్లల్నే పంపండి

చదువు రానివాణ్ణి పనిలో పెట్టడమనే అలవాటు మనకు పాతది. కానీ పనిలోంచి చదువులోకి వెళ్ళాలంటే చదువు మీద ఇష్టం ఉన్నవాడే కావాలి. ఈసెట్ 200 మార్కుల పరీక్ష. అందులో 100 మార్కులు సొంత బ్రాంచికి చెందినవి, 50 మార్కులు లెక్కలు, ఫిజిక్సు 25, కెమిస్ట్రీ 25. ఐటిఐలో చేరగానే లెక్కల పుస్తకం అటకెక్కించినవాడికి ఆ 50 మార్కులు ఎక్కడినుంచి వస్తాయి? మాత్రికలు, త్రికోణమితి, కలనగణితం, లాప్లాస్ రూపాంతరాలు వారం రోజుల్లో బట్టీపట్టేవి కావు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌ల ఎంపికకు రాతపరీక్ష ఉండదు. పదో తరగతి మార్కుల శాతం, ఐటిఐ మార్కుల శాతం కలిపి సగటు తీసి మెరిట్ జాబితా వేస్తారు. లాలాగూడలోనో రాయనపాడులోనో తిరుపతిలోనో చేరాలని ఆశపడే పిల్లవాడికి పదో తరగతి మార్కులు అక్కడిదాకా వెంట వస్తాయి. "ఎలాగూ ఐటిఐయే కదా, పాసైతే చాలు" అని పదో తరగతిలో ఉన్న పిల్లవాడికి చెప్పేవాళ్ళు వాడి కాలికి సంకెళ్ళు వేస్తున్నారు. లెక్కల్లో చురుకైన పిల్లవాడు, ఇంట్లో ఫ్యాను విప్పి బేరింగు చూడాలని తహతహలాడే పిల్లవాడు, ఈ ఇద్దరూ ఒక్కడే అయితే వాణ్ణి కార్పొరేట్ హాస్టల్‌లో రెండేళ్ళు బంధించకండి. వాడికి బెంచ్ వైస్ ముందు చోటివ్వండి.

ఏడాది పోతే పోనివ్వండి

మన ఇళ్ళలో అతి పెద్ద భయం ఏడాది పోవడం. ఒకసారి కూర్చుని లెక్క వేయండి. ఇంటర్ రెండేళ్ళు, బి.టెక్. నాలుగేళ్ళు, మొత్తం 6. పాలిటెక్నిక్ మూడేళ్ళు, అప్రెంటిస్‌షిప్ ఏడాది, ఈసెట్ ద్వారా బి.టెక్. మూడేళ్ళు, మొత్తం 7. ఐటిఐ రెండేళ్ళు, అప్రెంటిస్‌షిప్ ఏడాది, డిప్లొమా రెండేళ్ళు, బి.టెక్. మూడేళ్ళు, మొత్తం 8. తేడా ఒక ఏడాది, లేదా రెండేళ్ళు. ఇంటర్ తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో ఫీజు కట్టి మరీ ఏడాది పోగొట్టుకునే ఇళ్ళు మన చుట్టూ ఎన్ని లేవు! అప్రెంటిస్‌గా గడిపే ఏడాదికి ఎదురు డబ్బొస్తుంది. 2019 నిబంధనలు కనీస స్టైపెండ్‌ను చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా నిర్ణయించాయి. గొప్ప సొమ్మేమీ కాదు, ఊరికి దూరంగా గది అద్దెకు తీసుకుంటే మిగిలేది తక్కువే. కానీ తండ్రి జేబులోంచి పోయే సొమ్ము కాదు.

డిప్లొమా కాగానే ఈసెట్ రాసి నేరుగా బి.టెక్.లో చేరిపొమ్మని అందరూ చెబుతారు. నేను వద్దంటాను. ఒక ఏడాది ఆగి అప్రెంటిస్‌గా వెళ్ళి రండి. ఈసెట్‌కు వయోపరిమితి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మాత్రం వయసు నిబంధనలు ఉంటాయి. మీ వర్గానికి ఏ హద్దు వర్తిస్తుందో ఆ ఏడాది ఉత్తర్వుల్లో ముందే చూసుకుని అప్పుడు నిర్ణయం తీసుకోండి.

అర్థం కాని పనినే చేయండి

అసలు ఆ ఏడాది ఎందుకు? ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా దీనిమీదే నిలబడి ఉంది.

రైస్ మిల్లులో పెద్ద మోటారును స్టార్-డెల్టా స్టార్టర్ మీద ఆన్ చేయడం ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్ మొదటి నెలలోనే చూస్తాడు. ముందు స్టార్, మోటారు వేగం అందుకున్నాక డెల్టా. కనెక్షన్ ఇవ్వడం వారంలో వచ్చేస్తుంది. నేరుగా డెల్టాలో ఆన్ చేస్తే లాగే కరెంటులో మూడో వంతే స్టార్‌లో లాగుతుందని కూడా సీనియర్ చెబుతాడు. ఎందుకు మూడో వంతు? సగం ఎందుకు కాదు? సీనియర్‌కు తెలియకపోవచ్చు, ఆయన పనికి ఆ జవాబుతో అవసరం రాలేదు. స్టార్‌లో ఒక్కో వైండింగుకు అందే వోల్టేజి √3 రెట్లు తగ్గుతుంది, అందువల్ల వైండింగులో కరెంటు √3 రెట్లు తగ్గుతుంది. డెల్టాలో లైను కరెంటు వైండింగు కరెంటుకు √3 రెట్లు ఉంటుంది, స్టార్‌లో రెండూ ఒకటే. రెండు √3లు కలిస్తే 3. ఈ మాట బి.టెక్. క్లాసులో బోర్డు మీద పడినప్పుడు ఇంటర్ నుంచి వచ్చిన పిల్లవాడు నోట్సులో రాసుకుంటాడు. అప్రెంటిస్ చేసి వచ్చిన పిల్లవాడికి మిల్లు గుర్తొస్తుంది. అంతేకాదు, తిప్పే బలం కూడా మూడో వంతుకు పడిపోతుందని లెక్చరర్ చెప్పగానే, ఆ రోజు లోడు తీయకుండా ఆన్ చేస్తే మోటారు ఎందుకు మూలిగి ఆగిపోయిందో వాడికి తెలిసిపోతుంది. అలా తెలిసింది పరీక్ష హాల్లో మరచిపోడు.

ఫిట్టర్‌కు బేరింగు సంగతి. కొత్తవాడు బేరింగును షాఫ్ట్ మీదికి సుత్తితో కొట్టి ఎక్కించబోతాడు, పాతవాడు లాక్కుని నూనెలో వేడిచేసి ఎక్కిస్తాడు. వేడిచేస్తే జారుతుందని అప్రెంటిస్‌కు తెలుస్తుంది. ఎంత వేడి? ఉక్కు ఒక్కో డిగ్రీకి తన కొలతలో దాదాపు లక్షలో 1.2 వంతు పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల బోరు ఉన్న బేరింగు 80 డిగ్రీలు వేడెక్కితే బోరు దాదాపు 0.1 మిల్లీమీటరు విచ్చుకుంటుంది. ఆ కాస్త చాలు. ఇది ఇంటర్ ఫిజిక్సులో ఉష్ణ వ్యాకోచం పాఠం. పుస్తకంలో చదివినప్పుడు 0.1 మిల్లీమీటరు అంటే ఏమీ కాదనిపిస్తుంది. చేతిలో వెర్నియర్ పట్టినవాడికి అది చాలా పెద్ద కొలత.

టర్నర్‌కు టేపర్ టర్నింగ్ ఉంది. పెద్ద వ్యాసంలోంచి చిన్న వ్యాసం తీసేసి, దాన్ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే సగం కోణానికి టాన్ విలువ వస్తుంది, కాంపౌండ్ రెస్ట్‌ను అంత తిప్పాలి. పదో తరగతిలో టాన్ దేనికి పనికొస్తుందని అడిగినవాడికి లేత్ మీద జవాబు దొరుకుతుంది.

అందుకే చెబుతున్నాను, వచ్చిన పనినే రోజూ చేస్తూ చెయ్యి తిరిగిపోయిందని సంతోషపడకండి. ఫోర్‌మన్‌గారు మీకు వచ్చిన పనే ఇస్తారు, ఉత్పత్తి ఆగకూడదు కాబట్టి. ప్రొడక్షన్ లైనులో ఒకే జాబ్ ఏడాదంతా చేసినవాడు ఆ ఒక్క జాబ్‌లో ఆరితేరుతాడు, ప్రశ్నలు పుట్టవు. మెయింటెనెన్స్‌కు మార్చమని అడగండి. బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు పరిగెత్తే జట్టులో ఉండండి. అక్కడ జిడ్డు ఎక్కువ, వేళాపాళా తక్కువ, పేరు అసలే ఉండదు. కానీ ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు. పంపు ఎందుకు ఆగింది, గేరు పన్ను ఎందుకు విరిగింది, కాయిల్ ఎందుకు మాడింది అని అడుగుతూ తిరిగినవాడికి కాలేజీకి వెళ్ళేసరికి సంచి నిండా ప్రశ్నలుంటాయి.

పెద్ద పేరు, ఎక్కువ స్టైపెండ్ చూసి వెళ్ళకండి

అప్రెంటిస్ పేరుతో మనుషుల్ని చౌకగా పనికి పెట్టుకునే చోట్లు ఉన్నాయి. గేటు దగ్గర పెద్ద బోర్డు, లోపల పెట్టెలు మోయించడం. అలాంటి చోట మరో వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చినా వెళ్ళకండి. చేరకముందు అడగాల్సినవి నాలుగు: ఒప్పందం పోర్టల్‌లో నమోదవుతుందా, ఏ ట్రేడు కింద, ఎన్ని విభాగాల్లో తిప్పుతారు, చివర పరీక్ష ఉంటుందా. ఐటిఐ వాళ్ళు ఆఖరున ట్రేడ్ టెస్ట్ రాసి పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. నమోదు కాని ఒప్పందానికి ఆ సర్టిఫికెట్ రాదు, మీ ఏడాది ఎవరి లెక్కలోకీ రాదు.

చట్టం 1961 నాటిది. ఇప్పటి నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంటే భెల్, విశాఖ ఉక్కు, సింగరేణి లాంటి పెద్ద సంస్థలే కాదు, మీ జిల్లా పారిశ్రామికవాడలో ఉన్న ఓ మోస్తరు ఫ్యాక్టరీ కూడా తీసుకోవాల్సిందే. చిన్న ఫ్యాక్టరీలో యజమానే ఇంజనీరు అయితే, పాత లేత్‌లు ఉంటే, విరిగిన భాగాన్ని అక్కడే తయారుచేసుకునే అలవాటు ఉంటే, అది ఎయిర్ కండిషన్డ్ ప్లాంటు కంటే మంచి బడి. విశాఖ నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ లాంటివి వేరు, అక్కడ శిక్షణకే కట్టుదిట్టమైన ఏర్పాటు ఉంది. అక్కడ సీటు వస్తే ఇంకేమీ ఆలోచించకండి.

ఓవర్‌టైమ్ చేయకండి

"నాలుగు గంటలు ఎక్కువ చేస్తే నాలుగు రూపాయలొస్తాయి, కుర్రాడికి చేదెందుకు?" అని కాంట్రాక్టరు అంటాడు, ఇంట్లోవాళ్ళు కూడా అంటారు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అధికారి అనుమతి లేకుండా అప్రెంటిస్ చేత ఓవర్‌టైమ్ చేయించకూడదని చట్టమే చెబుతోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ నాలుగు గంటలే మీ కాలేజీ సీటు. షిఫ్ట్ దిగి వచ్చి, స్నానం చేసి, తిని, గంటన్నర లెక్కలు చేయండి. అంతకంటే ఎక్కువ చేయాలని మొదట్లోనే పట్టుదలకు పోవద్దు, ఎనిమిది గంటలు నిలబడిన ఒళ్ళు వినదు. ఆదివారం పాత ఈసెట్ పేపరు ఒకటి తీసుకుని కూర్చోండి. డిప్లొమా ఆఖరు పరీక్షకూ ఈసెట్‌కూ మధ్య ఏడాది ఖాళీ వచ్చేది మీకే. ఆ ఏడాదిలో డిప్లొమా గణితం మరచిపోతే అప్రెంటిస్‌షిప్ మేలు చేయకపోగా కీడు చేస్తుంది. ఈ ఒక్క చోట నేను చాలా గట్టిగా మాట్లాడతాను. అప్రెంటిస్‌గా వెళ్ళి తిరిగి చదువులోకి రానివాళ్ళలో ఎక్కువమందిని ఆపింది తెలివితక్కువతనం కాదు, సాయంత్రాలు చేజారిపోవడం. ఓవర్‌టైమ్‌కు కొన్ని, క్రికెట్‌కు కొన్ని, గదిలో ఫోనుకు మిగిలినవన్నీ.

ఇద్దరు ముగ్గురు అప్రెంటిస్‌లు ఒకే గదిలో ఉండి కలిసి చదివితే ఇది నిలబడుతుంది. ఒంటరిగా ఉంటే మూడో నెలలో సడలిపోతుంది.

డైరీ తెలుగులో రాయండి

అప్రెంటిస్ రోజూ చేసిన పనికి రికార్డు పెట్టాలి, అది నిబంధన. చాలామంది నెలాఖరున కూర్చుని పక్కవాడి పుస్తకంలోంచి ఇంగ్లిష్‌లో దించేస్తారు, సూపర్‌వైజర్ సంతకం పెడతాడు. ఆ పుస్తకం అలాగే ఉండనివ్వండి. మీకంటూ ఇంకో నోటుపుస్తకం పెట్టుకోండి, అందులో తెలుగులో రాయండి. ఇంగ్లిష్ రాకపోతే ఇంజనీరింగ్ చదవలేమనే భయంతో ఎందరో పిల్లలు పాలిటెక్నిక్‌లోనే ఆగిపోతున్నారు. ముందు ఇంగ్లిష్ నేర్చుకో, తర్వాత చూద్దాం అనే సలహా వినడానికి బావుంటుంది. దానివల్ల జరిగేది ఆలస్యమే. ఈ రోజు ఏం విరిగింది, ఎందుకనుకున్నారు, ఎలా సరిచేశారు, మీకు అర్థం కానిదేమిటి, ఈ నాలుగూ మీ మాటల్లో రాయండి. బొమ్మ గీయండి, కొలతలు వేయండి. భాగాల పేర్లు ఇంగ్లిష్‌లోవే పడతాయి, పడనివ్వండి. ఏడాది తిరిగేసరికి ఆ పేర్లే ఓ రెండు మూడు వందల ఇంగ్లిష్ మాటలవుతాయి. ఒక్కొక్కటీ మీరు చేత్తో పట్టుకుని చూసిన వస్తువు పేరు, అందుకే స్పెల్లింగు తప్పినా అర్థం తప్పదు. బి.టెక్. పాఠ్యపుస్తకంలో మొదటి వాక్యం దగ్గరే మిమ్మల్ని ఆపేసేది ఇలాంటి మాటలే.

అర్థం కానివాటికి ప్రతి పేజీ చివర చిన్న గుర్తు పెట్టండి. కాలేజీలో చేరాక ఆ గుర్తులున్న పేజీలు తీసుకుని లెక్చరర్ దగ్గరికి వెళ్ళండి. మంచి లెక్చరర్‌కు అలాంటి విద్యార్థి దొరకడం పండగే.

పర్మినెంట్ చేస్తామంటే తొందరపడి ఒప్పుకోకండి

ఇది చెప్పడం నాకు తేలిక కాదు, ఎందుకంటే ఇంట్లో అప్పులున్నవాడికి ఉద్యోగం వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అప్పులుంటే చేరండి. కానీ ఇల్లు ఇంకో మూడేళ్ళు నెట్టుకురాగలిగితే మాత్రం ఆగి ఆలోచించండి. అప్రెంటిస్‌కు ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. నోటిమాటగా "చేసేస్తాం" అన్నది ఎన్నోసార్లు కాంట్రాక్టరు కిందికి మారుతుంది. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్ళకు లెవెల్-1 నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. అది నిజమైన అవకాశమే, నోటిఫికేషన్ వచ్చినప్పుడు తప్పక రాయండి. ఆ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఈసెట్ మానేయడమే తప్పు. రెండూ రాయవచ్చు.

ఉద్యోగంలో చేరినవాళ్ళకూ తలుపు మూసుకుపోలేదు. 2023-24 నుంచి సాంకేతిక విద్యా మండలి ఎ.ఐ.సి.టి.ఇ. ఉద్యోగస్తుల కోసం ఇంజనీరింగ్, డిప్లొమా కోర్సుల్ని సాయంత్రం వేళల్లో, అనువైన సమయాల్లో నడిపేందుకు కాలేజీలకు అనుమతిస్తోంది. కనీసం ఒక ఏడాది పూర్తికాలపు ఉద్యోగ అనుభవం ఉండాలి, పనిచేసే చోటు కాలేజీకి అందుబాటు దూరంలో ఉండాలి. కాబట్టి ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతంతోపాటు ఆ దగ్గర్లో అలాంటి కాలేజీ ఉందో లేదో కూడా చూడండి. ఊరికి దూరంగా ఉన్న ప్లాంటులో రెండు వేలు ఎక్కువ రావచ్చు, కాలేజీ ఉన్న పట్నంలో రెండు వేలు తక్కువ రావచ్చు. తక్కువదానికే వెళ్ళండి. ఇంటర్ సర్టిఫికెట్ లేదని కుంగిపోయే ఐటిఐ పిల్లలకు ఎన్‌ఐఓఎస్, అదే కేంద్రప్రభుత్వ ఓపెన్ స్కూల్, కొన్ని సబ్జెక్టులు రాయించి ఇంటర్‌కు సమానమైన సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేసింది. అది చేతిలో ఉంటే మామూలు డిగ్రీలకు కూడా వెళ్ళవచ్చు.

ఆడపిల్లల్ని ఫిట్టర్‌లో చేర్చండి

కంప్యూటర్ ట్రేడులోనో కుట్టుపనిలోనో మాత్రమే చేర్చాలనే పట్టింపు వదలండి. ఆకురాయి పట్టడానికి కండ కంటే ఓపిక, చూపు ఎక్కువ కావాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, మెషినిస్ట్ చేసిన అమ్మాయి మెకానికల్‌లోనో ఎలక్ట్రికల్‌లోనో బి.టెక్.కు వెళ్ళినప్పుడు వర్క్‌షాపులో ఎవరి వెనకా నిలబడాల్సిన పని ఉండదు. తల్లిదండ్రులు చేయాల్సింది ఒకటుంది. ఒప్పందం మీద సంతకం పెట్టకముందు వెళ్ళి ఫ్యాక్టరీ చూడండి. ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా, షిఫ్ట్ అయ్యాక బస్సు ఉందా, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, ఇవి అడగండి. అడిగితే ముఖం చిట్లించే చోట చేర్చకండి, ఇంకో చోటు వెతకండి. ట్రేడు మాత్రం మార్చకండి.

విదేశాలవాళ్ళను చూసి నిట్టూర్చకండి

జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో ఇది మామూలు దారి. స్విట్జర్లాండ్‌లో మూడింట రెండువంతుల మంది పిల్లలు అప్రెంటిస్‌షిప్‌లతోనే మొదలవుతారు. పని నేర్చుకుంటూనే ఉన్నత విద్యకు అర్హత తెచ్చుకునే పరీక్షను అక్కడ 1994లో తెచ్చారు. జర్మనీలో మైస్టర్ పట్టా ఉన్న పనివాడు ఇంటర్‌లాంటి పరీక్ష లేకుండానే విశ్వవిద్యాలయంలో చేరవచ్చని 2009లో అక్కడి రాష్ట్రాల విద్యామంత్రులు తీర్మానించారు. మన దగ్గర అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఒక్కటే ఏ కాలేజీ తలుపూ తెరవదు, మధ్యలో డిప్లొమా, ఈసెట్ ఉండాల్సిందే. ఇది లోపమే, మారాలి. పనిలో నేర్చుకున్నదానికి కూడా క్రెడిట్లు లెక్కకట్టాలని 2023 జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ చెబుతోంది. డిగ్రీ మధ్యలోనే అప్రెంటిస్‌షిప్ పెట్టే కోర్సులకు యుజిసి 2020లో మార్గదర్శకాలిచ్చింది. ఆంధ్రలో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఇవన్నీ పూర్తిగా పట్టాలెక్కేదాకా ఆగుతామంటే మీ పిల్లలకు ముప్ఫై దాటుతాయి. ఉన్న దారిలో బయల్దేరండి.

ఫిట్టర్ పిల్లలకు ఒక పేరు చెప్పాలి. మీ ట్రేడు పుస్తకంలో 55 డిగ్రీల కోణమున్న బి.ఎస్.డబ్ల్యు. థ్రెడ్ ఉంటుంది కదా, ఆ డబ్ల్యు అక్షరం జోసెఫ్ విట్‌వర్త్‌ది. పద్నాలుగేళ్ళకు బడి వదిలి నూలు మిల్లులో పని నేర్చుకుని, 1841లో బోల్టుల థ్రెడ్‌లన్నిటికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించిన మనిషి. 1868లో ఆయన ఇంజనీరింగ్ చదివే యువకుల కోసం తన డబ్బుతో స్కాలర్‌షిప్‌లు పెట్టాడు. చేతిపనీ శాస్త్రమూ రెండూ వచ్చినవాళ్ళను తయారుచేయడం ఆయన ఉద్దేశం. ఇప్పటికీ బ్రిటన్‌లో అప్రెంటిస్‌షిప్ చేసి డిగ్రీకి వెళ్ళేవాళ్ళకు ఆ స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. మన సంపన్న పారిశ్రామికవేత్తల్లో ఒక్కరు ఇలాంటిది పెడితే బావుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఐఐటీలకు విరాళాలిచ్చేవాళ్ళు ఉన్నారు. ఐటిఐ నుంచి ఈసెట్‌కు వెళ్ళే పిల్లవాడి హాస్టల్ ఖర్చు భరించేవాళ్ళు కావాలి.

కాలేజీలో చేరాక

లేటరల్ ఎంట్రీ వాళ్ళు, అంటే మీలా నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్ళు, వెనక బెంచీలో గుంపుగా కూర్చుంటారు, ఎందుకంటే మిగతావాళ్ళకు ఒక ఏడాది స్నేహం ముందే ఉంటుంది. విడిపోయి కూర్చోండి. రెండో సంవత్సరంలో మిమ్మల్ని ముంచగలిగేది గణితం ఒక్కటే. మొదటి ఏడాది పాఠాలు వచ్చినట్టే అనుకుని లెక్చరర్ ముందుకు పోతారు. చేరిన మొదటి నెలలోనే మొదటి సంవత్సరం గణితం పుస్తకం సీనియర్ల దగ్గర తీసుకుని సొంతంగా చదవండి. బదులుగా ల్యాబ్‌లో, వర్క్‌షాపులో మీ క్లాసువాళ్ళకు సాయపడండి. లేత్ ముందు చేతులు వణికే పిల్లవాడు మీకు అవకలనాలు చెబుతాడు, మీరు వాడికి టూల్ ఎలా బిగించాలో చెబుతారు. వయసులో ఏడాది రెండేళ్ళు పెద్దవాళ్ళమని మొహమాటపడకండి, అన్నా అని పిలిస్తే పిలవనివ్వండి.

కాగితాల దగ్గర మాత్రం ఏ తలకిందుల సలహా లేదు. పదో తరగతి మెమో, ఐటిఐ సర్టిఫికెట్, అప్రెంటిస్‌షిప్ ఒప్పందం, చివర ఇచ్చే సర్టిఫికెట్, డిప్లొమా మెమోలు, ఏడో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఒకే సంచిలో పెట్టుకోండి. అప్రెంటిస్‌గా ఉన్న ఏడాదికి స్టడీ సర్టిఫికెట్ ఉండదు, కౌన్సెలింగ్‌లో ఆ ఖాళీ గురించి అడుగుతారు. నివాస ధ్రువపత్రం ముందే తీసి ఉంచండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఫ్యాక్టరీలో డిపాజిట్ చేయమంటే ఇవ్వకండి, నకళ్ళు మాత్రమే ఇవ్వండి. కౌన్సెలింగ్ తేదీ వచ్చేసరికి అవి మీ దగ్గరే ఉండాలి.